ఇరవై రెండో అరలో పేరు ముడులు

రోజు 14,206

పొద్దుటి పంపకం పూర్తయింది. గాలి వలలో నాలుగు లక్షల పన్నెండు వేల చుక్కలు, ఎముక వలలో తొమ్మిది వేల ముడులు. మొత్తం బలం సరిపోయింది. మెలితిప్పే బలం సరిపోయింది. రెక్క కొస మాత్రం సరిపోలేదు.

నా తర్వాత ఈ చిట్టా ఎవరి చేతికి వస్తుందో తెలీదు కాబట్టి పని ఏమిటో ఒకసారి రాస్తాను. మా ఊరంతా సముద్రం మీద దిగకుండా ఎగిరే ఒకే రెక్క, చిట్టాలో రోజులు అది లేచిన నాటి నుంచి లెక్క. ఆరు వందల నలభై మందిమి దాని లోపలే వండుకుని, తిని, పోట్లాడుకుని, పడుకుంటాం. గాలి గదిలో జరీనా రెక్క మీద గాలి ఎక్కడ ఎంత నొక్కుతోందో లెక్క తీస్తుంది. కంప్యూటర్లో ఆమె గీసిన వల సన్నది, దోమతెర లాంటిది. ఎముకల గదిలో అప్పలస్వామి మావ దూలాలూ రేకులూ ఎంత భరిస్తున్నాయో చూస్తాడు. ఆయన వల ముతకది, పెద్ద చేపలు పట్టేది. సన్న వల మీది బరువుని ముతక వల ముడులకి పంచేదాన్ని నేను. ప్రతి చుక్క బరువూ దానికి దగ్గరగా ఉన్న మూడు ముడులకి పోతుంది. పంచాక రవ్వంత ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు. పేరు నూకరత్నం, వయసు యాభై ఒకటి, ఈ పనిలో ఇరవై ఆరేళ్ళు, కోపం ఎక్కువ అని అందరూ చెబుతారు.

లెక్క ప్రకారం నిన్నటి కుదుపులో ఎడమ కొస ఎంత లేవాలో, దానికంటే నాలుగు వేళ్ళు ఎక్కువ లేచింది. మూడు నెలల కిందట తేడా రెండు వేళ్ళే. జరీనాని అడిగితే ఎముకలు మెత్తబడ్డాయేమో అంది. మావని అడిగితే గాలి లెక్క తప్పంటాడు. ఇద్దరూ ఒక్క విషయంలో కలిశారు. తప్పు మధ్యలో నా దగ్గర జరిగి ఉంటుందట.

రోజు 14,207

గంజి వరసలో నిలబడి ఉంటే భూలోకమ్మ వచ్చి నా వెనక నిలబడింది. ఊరిని నడిపేది ఆమే. పుట్టినప్పటి నుంచి నేల తొక్కలేదు, పేరు మాత్రం భూలోకమ్మ. ఆమె చిన్నప్పుడు నేనూ మా చెల్లీ ఆ పేరు పెట్టి ఏడిపించేవాళ్ళం.

"రత్నం, తూర్పున రెండు వాయుగుండాలు లేచినాయి," అంది గిన్నె చాపుతూ. "రెండింటి మజ్జిన సందున్నాది. ఇంకో ఎనిమిది రోజులకి మనం ఆ సందులోంచి తిరగాల. గట్టి మలుపు. మామూలు బరువుకి ఒకటిన్నర రెట్లు పడుద్ది."

"తిరక్కపోతే?"

"దక్షిణం గుండంలో పడతాం. ఇంకేటి." గంజి తాగి మూతి తుడుచుకుంది. "ఆ కొస తేడా ఏటో తేల్సు. తేల్సకుండా నాను మలుపుకి సంతకం పెట్టను. పెట్టక తప్పకపోతే మాత్రం పెడతాను. అప్పుడు నీ తప్పే."

ఆమెకి తప్పులు ముందే పంచిపెట్టే అలవాటు.

రోజు 14,208

నా తప్పే అనుకుని మొదలుపెట్టాను. పదేళ్ళ కిందట ఒకసారి రెక్క వెనక అంచున వంచే రెప్పని కిందికి దించినప్పుడు, రెప్పకీ రెక్కకీ మధ్య సందులో చుక్కలు దారి తప్పాయి. రెప్ప మీది గాలి బరువు సందు దాటి, దగ్గరగా కనబడిందని రెక్క దూలానికి పోయింది. మొత్తం సరిపోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. దగ్గర అనేది ఎప్పుడూ నమ్మదగ్గ మాట కాదు. అదే మళ్ళీ జరిగిందేమోనని సందులన్నీ చూశాను. లేదు. కొస గుండ్రంగా తిరిగే చోట పై రేకు బరువు కింది రేకుకి పోతోందా అని చూశాను. అదీ లేదు.

మధ్యాహ్నం తిండి మానేసి, రెక్క ఎడమ సగంలో పక్కటెముకల మధ్య గదుల్లాంటి అరలు ఉంటాయి కదా, ఏ అరకి ఎంత బరువు పోతోందో, ఆ అరలో ఏ ముడి ఎంత తీసుకుంటోందో పట్టిక వేశాను. మామూలు అరలో బరువు నూట యాభై ముడుల మీద చెదిరి ఉంటుంది. ఇరవై రెండో అరలో నాలుగింట మూడు వంతుల బరువు పదకొండు ముడుల మీదే పడుతోంది.

పట్టిక మూసేశాను. ఇవాళ ఇంక రాయను.

రోజు 14,209, శుక్రవారం

మా ఊళ్ళో పనిలో ఉండగా ఎవరైనా పోతే, వాళ్ళు పోయిన చోటికి దగ్గరి ముడికి వాళ్ళ పేరు పెడతాం. పాతిపెట్టడానికి నేల లేదు, దహనానికి కట్టె లేదు. శరీరాన్ని సముద్రానికి ఇచ్చేస్తాం. మిగిలేది ముడి. రోజూ పొద్దున ఎముకల గదిలో ఆ ముడి మీద ఎంత బరువు పడిందో లెక్క వస్తుంది కదా, ఇంట్లోవాళ్ళు వెళ్ళి అడుగుతారు. "ఇవాళ మా నాన్న ఎంత మోశాడు?" అని. పేరు ముడిని ఎప్పటికీ తీసేయకూడదు. తీసేస్తే ఆ మనిషి రెండోసారి పోయినట్టే.

ఆరేళ్ళ కిందట ఇరవై రెండో అరలో బ్యాటరీలు అంటుకున్నాయి. పదకొండు మంది పోయారు. అందులో మావ కొడుకు సూరిబాబు ఒకడు. నా చెల్లెలు పైడితల్లి ఒకతె. దానికి ఇరవై తొమ్మిదేళ్ళు. అక్కని కాబట్టి మా వాడుకలో నన్ను "అప్పా" అని పిలిచేది. నా చిట్టా అంచుల్లో నా బొమ్మ వేసి, కింద "మొత్తం సరిపోలేదు" అని రాసేది.

ప్రతి శుక్రవారం పదకొండు ఇళ్ళవాళ్ళమూ ఆ అరకి వెళ్ళి గోడలు తుడుస్తాం. రేకుని బిగించే రివెట్ల చుట్టూ మసి ఉంటుంది, తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది. వారానికి మళ్ళీ వస్తుంది. ఆ రోజు మంట మసి ఇంకా కారుతోందని అనుకుంటాం. వాళ్ళు ఏడుస్తున్నారని కొందరు అంటారు. నేను పైకి విసుక్కునేదాన్ని కానీ నాకూ లోపల అలాగే అనిపించేది.

ఇవాళ పైడి ముడి ఉన్న చోట తుడుస్తూ ఉంటే నా చెయ్యి ఆగిపోయింది. గుడ్డ వంక చూశాను. ఆరేళ్ళలో నేను ఒక్కసారి కూడా వేసుకోని ప్రశ్న.

ఈ రేకు కొత్తది. కాలినది పాత రేకు, దాన్ని కోసి సముద్రంలో పడేశాం. కొత్త రేకుకి మసి ఎక్కడినుంచి వస్తుంది?

రివెట్ వదులైతే రేకు దాని చుట్టూ రాసుకుని నల్లటి పొడి రాలుతుంది. అది మా ఊళ్ళో ఏడేళ్ళ పిల్లలకి బడిలో చెప్పే మొదటి పాఠం. నల్లగా కనిపిస్తే పెద్దవాళ్ళని పిలవాలి అని. మేం పెద్దవాళ్ళం. ప్రతి శుక్రవారం తుడిచేశాం.

అందరూ వెళ్ళిపోయాక రేకుకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. కుదుపు వచ్చినప్పుడల్లా అది లోపలికి బుస్సుమని కదిలింది. నాకు భయమేసింది. ఇంత భయం మంట రోజున కూడా వెయ్యలేదు.

రోజు 14,210

ఇప్పుడు మొన్న మూసేసిన పట్టిక సంగతి రాయాలి. దాచితే ఈ చిట్టా ఎందుకు?

మంట తర్వాత కొత్త అరని తేలికగా కట్టారు. పక్కటెముకల చోట్లు మారాయి. కొత్త ఎముక వల గీస్తే, పాత పేరు ముడులు పదకొండూ ఏ లోహమూ లేని చోట పడ్డాయి. అప్పుడు అప్పలస్వామి మావే చెప్పాడు, "తీసీ రత్నం, ఇనుము లేని కాడ ముడేటి?" అని. చెబుతూ బల్ల మీద తల పెట్టి ఏడ్చాడు. నేను తీయలేకపోయాను. ఆ రోజుల్లో నేను పొద్దున్నే లేచేదే పైడి ఎంత మోసిందో చూడ్డానికి.

కంప్యూటర్లో ఒక్కొక్క ముడి నుంచి ముందు దూలానికి ఒక కడ్డీ గీశాను. పదకొండు కడ్డీలు. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా పెట్టుకోవచ్చు, లెక్కలోనే కదా. చాలా గట్టిగా పెట్టాను. మావకి తీశానని గానీ తీయలేదని గానీ చెప్పలేదు. మర్నాడు సూరిబాబు బరువు తెరమీద కనబడితే ఆయనా అడగలేదు.

నేను గీసిన ముడులు రేకుని ఆనుకునే ఉన్నాయి. గాలి చుక్కలకి దగ్గరివి అవే అయ్యాయి. ఆరేళ్ళుగా గాలి బరువు వాటికి పంచుతున్నాను, అవి దాన్ని లేని కడ్డీల మీదుగా దూలానికి అందిస్తున్నాయి. లెక్కలో రేకు మీద దాదాపు బరువే లేదు. నిజం రెక్కలో ఆ బరువంతా పల్చటి రేకే మోస్తోంది. మొత్తం ప్రతిరోజూ సరిపోయింది.

ముందు జరీనాకి చెప్పాను. ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"అక్కా, పేర్లు తీసేసి ఒకసారి నడిపి చూద్దాం. ఎవరికీ చూపించద్దు. ఊరికే చూద్దాం."

నడిపాం. అయిదు రోజుల కిందటి కుదుపుకి కొస ఎంత లేవాలో వచ్చింది. కొలిచిన దానికీ దానికీ తేడా అర వేలు. ఇన్నాళ్ళ తేడా అక్కడే ఉంది. తర్వాత ఒకటిన్నర మలుపు పెట్టి చూశాం. ఇరవై రెండో అర రేకు మోయగలిగింది నూరు అనుకుంటే, దాని మీద పడేది నూట ముప్ఫై నాలుగు.

జరీనా తెరమీద ఆ అంకె మీద వేలు పెట్టింది. "అక్కా," అంది, "ఆ అర పోతే రెక్క పోద్ది కదా?"

పోతుంది అన్నాను.

రోజు 14,211

మావ ఎముకల గదిలో ఒక్కడే ఉన్నాడు. డెబ్భై దాటాయి, కళ్ళు సరిగ్గా కనబడవు, అక్షరాలు అరచెయ్యంత పెట్టుకుని చదువుతాడు. నిలబడే అంతా చెప్పాను.

"అబద్దం," అన్నాడు.

"మావా, కడ్డీలు గీసింది నానే."

"నువ్వు గీసినావని నాకు తెల్దేటి? తెల్సు." బల్ల మీద చేత్తో కొట్టాడు. "ముడి తీస్తే ఎలగే? రోజూ ఆడి తల్లి వొచ్చి అడుగుద్ది, గుంటడు ఎంత మోసినాడని. దానికి నానేటి సెప్పాల?"

"మలుపుకి నాలుగు రోజులున్నాది."

"నీ సెల్లి ముడి కూడా తీస్తావేటి?"

తీస్తాను అన్నాను.

"నీ లెక్కే తప్పేమో! ఆరేళ్ళు తప్పు పంచినోళ్ళు ఇయ్యాల ఒప్పు పంచినారని నానెలగ నమ్మీది?"

జేబులోంచి శుక్రవారం గుడ్డ తీసి ఆయన బల్ల మీద పెట్టాను. అది ఎక్కడిదో ఆయనకి తెలుసు. ఆయన భార్యా అలాంటి గుడ్డతోనే తుడుస్తుంది.

"మావా, మంటలో కాలిన రేకు ఏటి సేసినాం?"

"కోసి పారీసినాం." అని ఆగాడు. గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. వేళ్ళ మధ్య నలిపాడు. యాభై ఏళ్ళు రివెట్లతో బతికిన మనిషి. నేను ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

ఇరవై రెండో అరకి నా భుజం పట్టుకుని నడిచాడు. తుడిచి రెండు రోజులే అయింది. అప్పుడే రివెట్ల చుట్టూ కాటుక దిద్దినట్టు నల్ల గీతలు. ఒక్కొక్క రివెట్టునీ వేలితో తడుముతూ పోయాడు. వదులైనవి నలభై లెక్కపెట్టి ఆపేశాడు.

"మనమే తుడిసీసినాం," అన్నాడు. "మన సేతుల్తో మనమే తుడిసీసినాం, రత్నం."

ఇద్దరం అక్కడే కూలబడి ఏడ్చాం. సిగ్గుపడే వయసు కాదు.

రోజు 14,212

పదకొండు ఇళ్ళవాళ్ళనీ ఎముకల గదికి పిలిచారు. అంతా నేనే చెప్పాను. ఒకావిడ నా మీదికి వచ్చింది, జరీనా అడ్డం నిలబడింది. ఒకాయన, పేర్లు ఉంచేసి పక్కన వేరే లెక్క చేసుకోవచ్చు కదా అన్నాడు. ఆరేళ్ళ కిందట నేను చేసిందీ అదే అని చెప్పాను.

భూలోకమ్మ గుమ్మంలో నిలబడి వింది. "రెండు లెక్కలుంటే మనసుకి నచ్చిందే సూసుకుంటాం. ఒకటే ఉండాల," అంది. "ఎవరి పేరు వాళ్ళే తీయండి. నాను తీయించను, ఇంకొకరు తీయకూడదు. సాయంత్రం లోపు."

అప్పలస్వామి మావ భార్య సత్తెమ్మ ముందుకొచ్చింది. రోజూ పొద్దున్నే కొడుకు బరువు అడిగి వెళ్ళే మనిషి. తెర దగ్గర నిలబడి, "ఇయ్యాల ఎంత మోసినాడు?" అని అడిగింది. మావ తెర చదవలేదు. "ఏటీ మొయ్యలేదే," అన్నాడు. "ఆడెప్పుడూ మొయ్యలేదు. రేకే మోసింది." ఆమె తెరని చేత్తో తడిమి, "అయితే ఇంక దిగమను, పాపం," అని తనే మీట నొక్కింది.

ఆ తర్వాత అందరూ వచ్చారు. చివర నేను. పైడి ముడి మీద ఇవాళ్టి బరువు మూడు వందల పన్నెండు కిలోలు. అది బతికి ఉండగా పాతిక కిలోల బియ్యం బస్తా నాచేత మోయించేది. నొక్కాను. తెరమీద ముడి ఉన్న చోట ఖాళీ వచ్చింది. లెక్క మళ్ళీ నడిపితే సరిపోయింది.

ఎముక వలలో మార్పులు చేసే నా తాళం భూలోకమ్మ తీసుకుంది. ఇకనుంచి నా పంపకం మీద జరీనా సంతకం కూడా ఉండాలి. న్యాయమే.

రోజు 14,213

అతుకు రేకులు కావాలి. ఉన్న సరుకు చాలలేదు. పెళ్ళిళ్ళు చేసే హాలు నేల ఊడదీశారు. మంచి మందం రేకు, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అందరం దాని మీద గంతులేశాం. రేకులు కొయ్యడం, రంధ్రాలు వెయ్యడం, వదులు రివెట్లు తీసి కొత్తవి కొట్టడం. పదకొండు చోట్ల అతకాలి. నిన్న నా మీదికి వచ్చినావిడే ఇవాళ నాకు రివెట్ అందించింది.

గుండం అనుకున్న దానికంటే తొందరగా కదులుతోంది. మలుపు రేపు పొద్దున్నే.

సాయంత్రానికి ఎనిమిది అతుకులు పూర్తయ్యాయి. మూడు మిగిలాయి. జరీనా, నేను చుక్క చుక్కా చూసి మళ్ళీ పంచాం. ఒకటిన్నర మలుపుకి నూట పదకొండు. మెల్లగా తిప్పి, ఒకటిన్నరని ఒకటీ పదింట మూడు వంతులకి తెస్తే తొంభై ఆరు.

"తొంభై ఆరంటే నాలుగే మిగులు," అంది భూలోకమ్మ.

"నాలుగే."

"అంత మెల్లగా తిరిగితే వాన అంచు తగుల్తాది. కుదుపులుంటాయి."

"కుదుపు కూడా కలిపే తొంభై ఆరు."

నా మొహంలోకి చూసింది. నన్ను నమ్మాలా వద్దా అని చూస్తోంది, నాకు తెలుసు. "ఈ లెక్కలో ఎవరైనా ఉన్నారా?" అంది.

"ఎవరూ లేరు. ఇనుమే ఉన్నాది."

సంతకం పెట్టింది.

రోజు 14,214

మలుపు వేళ ఇరవై రెండో అరలో ఉంటానని నేనే అడిగాను. మావ కూడా వచ్చాడు, వద్దంటే వినలేదు. "నీకు సూపు, నాకు సెవి," అన్నాడు. గోడకి వీపు ఆనించి కూర్చున్నాం. చేతిలో ఫోను, అవతల జరీనా కొస ఎంత లేచిందో వేళ్ళల్లో చెబుతోంది.

"మొదలైంది. పది... పదిహేను. లెక్కలో పదిహేను."

నేల ఒరిగింది. ఒళ్ళు బరువెక్కింది, బుగ్గలు కిందికి లాగాయి. అతుకులు లేని మూడు చోట్ల రేకు మూలగడం మొదలుపెట్టింది.

"ఇరవై రెండు. లెక్కలో ఇరవై రెండు. అక్కా, సరిపోతోంది."

వాన అంచు తగిలింది. ఊరు మొత్తం ఒక్కసారి జారి ఆగినట్టయింది. ఎక్కడో గిన్నెలు పడ్డాయి. టప్ మని శబ్దం, నా తల పక్కనుంచి ఏదో దూసుకుపోయింది. రివెట్ తల.

"ఒకటి," అన్నాడు మావ కళ్ళు మూసుకుని.

టప్. "రెండు."

"ఇరవై తొమ్మిది! లెక్కలో ఇరవై ఎనిమిదిన్నర!"

అతుకు లేని మూడింటిలో ఒకటి పైడి చోటు. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. రేకు లోపలికి ఉబికింది, గిన్నె బోర్లించినంత. ఇన్నాళ్ళూ ఆ బరువు నా చెల్లెలు మోస్తోందని పొద్దున్నే చూసుకుని మురిసిపోయాను. మోసింది ఇది. ఆరేళ్ళు నోరెత్తకుండా మోసి, నల్లగా చెప్పుకుంటే మేం తుడిచేసిన ఈ పల్చటి రేకు. దానికి చెయ్యి ఆనించి, ఇంకొంచెం, ఇంకొంచెం అన్నాను. బతిమాలాను.

టప్. "మూడు."

నాలుగోది రాలేదు. చాలాసేపు ఎదురుచూశాం. నేల మెల్లగా సమం అయింది. రేకు పెద్ద చప్పుడుతో వెనక్కి వెళ్ళింది. జరీనా ఫోన్లో ఏదో అరుస్తోంది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు.

మావ వొంగి, నేల తడిమి, మూడు రివెట్ తలలూ ఏరి నా చేతిలో పెట్టాడు.

రోజు 14,216, శుక్రవారం

మిగిలిన మూడు అతుకులూ నిన్న పూర్తయ్యాయి. రెండు గుండాలూ వెనకబడ్డాయి. ఎండ కాస్తోంది.

పొద్దున పంపకం చేశాను, జరీనా సంతకం పెట్టింది. మొత్తం సరిపోయింది, కొస కూడా సరిపోయింది. ఎముకల గదికి వెళ్ళి పైడి ఎంత మోసిందో అడగబోయి గుమ్మం దగ్గర ఆగిపోయాను. అక్కడ సత్తెమ్మ కూడా ఆగిపోయి ఉంది. ఇద్దరం కలిసి ఇరవై రెండో అరకి నడిచాం.

పదకొండు ఇళ్ళవాళ్ళూ గుడ్డలతో వచ్చారు. ఎవరూ చెప్పకుండానే గుడ్డలు ఒళ్ళో పెట్టుకుని గోడ ముందు కూర్చున్నారు. ఇప్పుడు పద్ధతి మారింది. ముందు చూడాలి, మావకి చెప్పాలి, ఆయన రాసుకున్నాకే తుడవాలి. మావ గుమ్మంలో చిట్టా పట్టుకుని కూర్చుని ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగాడు. పేరు ముడులు లేకపోయినా ఆ చోట్లకి ఆ పేర్లే ఉండిపోయాయి.

"సూరిబాబు కాడ?"

"లేదయ్యా," అంది సత్తెమ్మ, రేకుకి ముఖం దగ్గరగా పెట్టి.

నా వంతు చివర వచ్చింది. అతుకు మీద ముప్ఫై ఆరు రివెట్లు. ఒక్కొక్కటీ వేలితో తడిమాను. వేలు వెలుతురులో పెట్టి చూసుకున్నాను.

"పైడి కాడ?"

"ఏటీ లేదు, మావా. తెల్లగున్నాది."

రాసుకున్నాడు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాను.